మోత వేరు, కాపలా వేరు

"అలారం పెట్టిచ్చినవా అన్నా?" జహీరాబాద్ వైపు ఎవరైనా కారు కొని ఇంటి ముందు నిలబెడితే వినపడే మొదటి మాటల్లో ఇదొకటి. పెట్టించానంటే అడిగినవారికీ నిశ్చింత, చెప్పినవారికీ నిశ్చింత. రెండు మూడు వేలు ఖర్చు చేస్తే సైరన్, రెండు రిమోట్లు, డ్యాష్‌బోర్డు మీద మిణుకుమిణుకుమనే ఎర్రలైటు వస్తాయి. ఆ రాత్రి నుంచి బండి భారమంతా ఆ పెట్టె మీదికి పోతుంది. తాళంచెవి కిటికీ గూట్లో పడి ఉన్నా, బండి చీకటి సందులో నిలిచినా, బీమా గడువు దాటినా ఎవరూ పట్టించుకోరు. అలారం ఉంది కదా అన్న ధీమా.

ఈ ధీమా తప్పని చెప్పడానికే ఈ వ్యాసం. బయటి దుకాణంలో బిగించే అలారం బండిని దొంగ చేతికి పోకుండా ఆపదు. ఆపుతుందన్న నమ్మకం మాత్రం నిజంగా ఆపగలిగే పనులన్నిటినీ మన చేత మాన్పిస్తుంది. అందుకే దీన్ని పనికిరాని వస్తువు అని వదిలేయలేను, హాని చేసే వస్తువు అంటాను.

అలారం పక్షాన చెప్పే మాటలు మూడు. ఒకటి, మోత వినగానే దొంగ హడలిపోయి పారిపోతాడు. రెండు, మోత విని నలుగురూ పోగవుతారు. మూడు, ఇవేవీ కాకపోయినా గుడ్డికన్నా మెల్ల మేలు, ఏదో ఒకటి ఉండటం మంచిదే కదా. మూడూ నిలబడవు. అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఆ మూడో మాటే.

ముందు ఆ వస్తువేమిటో చూద్దాం. బిగించే పని ఒకసారి పక్కన నిలబడి గమనించండి. మెకానిక్ స్టీరింగ్ కింది ప్లాస్టిక్ కవరు ఊడదీస్తాడు. కంపెనీ వేసిన వైర్ల కట్టలోంచి బ్యాటరీ వైరు, ఇండికేటర్ వైరు, డోర్ స్విచ్ వైరు వెతికి పట్టుకుంటాడు. బ్లేడుతో ఒక్కోదాని తొడుగు గీకి, రాగి తీగ బయటికి లాగి, దానికి కొత్త వైరు చుట్టి నల్ల టేపు వేస్తాడు. అరచేతిలో పట్టే కంట్రోల్ పెట్టెను లోపల ఎక్కడో ప్లాస్టిక్ ట్యాగుతో కట్టేస్తాడు. సైరన్ బానెట్ కిందికి పోతుంది, రెండు వైర్ల మీద బతుకుతుంది. అదురును పసిగట్టే షాక్ సెన్సర్‌కు చిన్న స్క్రూ ఉంటుంది. ఏ మాత్రం కదిలితే మోగాలో ఆ స్క్రూ తేలుస్తుంది. గంటా గంటన్నరలో పని ముగుస్తుంది.

ఇందులో చక్రం తిరగకుండా పట్టుకునేది ఏదీ లేదు. ఇంజిన్‌ను ఆపే రిలే కొన్ని కిట్లతో వస్తుంది కానీ, దాన్ని కలపకుండానే వదిలేసే దుకాణాలున్నాయి. కలిపినా అదీ గీకిన వైరు మీద చుట్టిన టేపే. మిగిలిందంతా మోత. సైరన్ చేయగలిగిన పని ఒక్కటే, ఎవరినో పిలవడం. కాబట్టి దాని విలువంతా ఒక్క ప్రశ్న మీద ఆధారపడి ఉంది. పిలిస్తే వచ్చేదెవరు?

జహీరాబాద్ దగ్గరి ఝరాసంగంలో మహాశివరాత్రి నాడు కేతకీ సంగమేశ్వరస్వామి గుడి చుట్టూ నిలిచే బళ్లను చూడండి. ఇటు సంగారెడ్డి, హైదరాబాద్ నుంచి వచ్చినవి, అటు బీదర్ నుంచి కేఏ 38 నంబరుతో వచ్చినవి, మహారాష్ట్ర నుంచి వచ్చినవి పక్కపక్కనే ఉంటాయి. డప్పులు, మైకులో భజనలు, జనరేటర్లు, ట్రాక్టర్ల మీద వచ్చిన కుటుంబాల కేకలు. పక్కనుంచి సైలెన్సర్ మార్చిన బైకు పోతే చాలు, నాలుగు కార్లు ఒకేసారి గగ్గోలు పెడతాయి. ఒక్క తలైనా అటు తిరుగుతుందా? కొబ్బరికాయల కొట్టు ముందు నిలబడ్డ మనిషి చెవి మూసుకుని బేరం కొనసాగిస్తాడు. బండి యజమాని అమృతగుండం దగ్గర స్నానానికి వరసలో ఉంటాడు. రిమోట్ అతని చొక్కా జేబులో, చొక్కా ఇంకెవరి చేతిలోనో. అప్పుడు ఒకతను ఒక కారు తలుపు తెరిచి, మోత ఆపి, తోలుకుపోతే చూసినవారంతా ఏమనుకుంటారు? అమ్మయ్య, బండివాడు వచ్చాడు అనుకుంటారు. మోగుతున్న బండి దగ్గర కంగారు పడుతున్న మనిషిని మనం యజమాని అనుకుంటాం, దొంగ అనుకోం. ఆ మోతే దొంగకు మర్యాద తెచ్చిపెడుతుంది.

ఇది మన జనం పట్టనితనం కాదు. ప్రపంచంలో అలారాలు ఎక్కువైన ప్రతి ఊళ్లోనూ జరిగిందిదే. పిల్లి బానెట్ ఎక్కినా, ఉరుము ఉరిమినా, లారీ పోయినా, పెళ్లి బరాతులో పటాకి పేలినా మోగే వస్తువు మోగినప్పుడల్లా మనిషి లేచి చూడడు. పది సార్లు చూసి ఏమీ లేదని తెలిశాక పదకొండోసారి దుప్పటి ముఖం మీదికి లాక్కుంటాడు. ఝరాసంగం చుట్టూ జొన్న చేలల్లో నిలబెట్టిన దిష్టిబొమ్మ భుజం మీద నాలుగో రోజు నుంచి పిట్టలు వాలినట్టు, అలవాటైన మోత పక్కనే దొంగతనం సాగిపోతుంది.

అమెరికాలో బీమా కంపెనీల కోసం నష్టాల లెక్కలు చూసే హైవే లాస్ డేటా ఇన్‌స్టిట్యూట్ 1997లో ఈ సంగతి తేల్చడానికి ప్రయత్నించింది. అలారాలున్న కార్ల దొంగతనం క్లెయిములను పరిశీలించి, మొత్తం మీద నష్టాల్లో తగ్గుదల కనపడలేదని చెప్పింది. 2003లో న్యూయార్క్‌లో ట్రాన్స్‌పోర్టేషన్ ఆల్టర్నేటివ్స్ అనే పౌరసంస్థ కారు అలారాలు ఎందుకూ కొరగావని, నగరంలో నిషేధించాలని కోరుతూ నివేదికే వెలువరించింది. ఇరవై ముప్పై ఏళ్ల కిందట అక్కడ తేలిపోయిన సంగతిని మనం ఇవాళ కొత్త రక్షణగా కొనుక్కుంటున్నాం.

మన దగ్గర మాత్రం బీమా కంపెనీలు ఏమంటున్నాయి? బండి పోతే తమ జేబులోంచి డబ్బు తీసి ఇవ్వాల్సినవి అవే కాబట్టి, ఏది పనిచేస్తుందో ఏది చేయదో వాటికన్నా బాగా లెక్కగట్టేవారు లేరు. మోటార్ టారిఫ్ ప్రకారం, పుణెలోని వాహన పరీక్షా సంస్థ ఏఆర్ఏఐ ఆమోదించిన దొంగతన నిరోధక పరికరం పెడితే సొంత నష్టం ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు 2.5 శాతం. అది కూడా 500 రూపాయలు దాటకూడదు. ఆమోదం, బిగించినట్టు ధ్రువపత్రం లేని దుకాణం కిట్‌కు ఆ కాస్తా లేదు. మన బండి అలారం మీద మనం పెట్టుకున్న నమ్మకంలో పదో వంతు కూడా వాళ్లకు లేదన్నమాట.

ఇప్పుడు జాతర మైదానం వదిలి పొలాల్లోకి రండి. ఈ ప్రాంతంలో పోయే బళ్లలో కార్లెన్ని? మన దేశంలో ఏటా రెండు లక్షలకు పైగా వాహనాలు దొంగతనానికి గురవుతున్నాయని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కలు చెబుతాయి. వాటిలో పెద్ద భాగం మోటారుసైకిళ్లే. చెరకు గట్టు మీద నిలిపిన బైకు, బోరు దగ్గర రాత్రంతా ఉండిపోయిన ట్రాక్టరు, ట్రాక్టర్ లేకుండా విడిగా నిలిపిన ట్రాలీ, ఇవీ పల్లె మనిషి పోగొట్టుకునేవి. ఆల్విన్ నిస్సాన్ రోజుల నుంచి బళ్లు తయారవుతున్న జహీరాబాద్ ఇది, ఇవాళ మహీంద్రా ట్రాక్టర్లు ఇక్కడి నుంచే దేశమంతా పోతున్నాయి. ట్రాక్టర్ అంటే ఏమిటో ఈ ప్రాంతానికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒక పాత ట్రాక్టర్ తాళంచెవి ఇంకో ట్రాక్టర్‌కు పడుతుందన్న సంగతీ రైతులందరికీ తెలుసు. ఆ ట్రాక్టర్‌కు సైరన్ పెట్టి ఊరికి రెండు కిలోమీటర్ల దూరంలో నిలిపితే, అది తెల్లవార్లూ మొత్తుకున్నా వినేది నక్కలే. మోత పనిచేయాలంటే చుట్టూ మనుషులుండాలి. మనుషులుంటే వాళ్లు పట్టించుకోరు. లేకపోతే పట్టించుకునేవారే లేరు. ఇంక ఇది ఎక్కడ పనిచేస్తుంది?

దొంగ హడలిపోతాడన్న మాటకు వద్దాం. హడలిపోయే దొంగ ఒకడున్నాడు, కాదనను. పందెం కోసమో సరదాకో బండి ఎత్తుకుపోయే కుర్రాడు మోతకు పరుగెత్తవచ్చు. అద్దం పగలగొట్టి సీటు మీది బ్యాగు లాక్కుందామనుకున్నవాడూ వెనకాడవచ్చు. కానీ బండి అమ్మి డబ్బు చేసుకునేవాడి సంగతి వేరు. అతనికి అది వృత్తి. ఏ మోడల్‌కు సైరన్ ఎక్కడ బిగిస్తారో బిగించే మెకానిక్‌కు తెలిసినంతగా అతనికీ తెలుసు. కొందరు కారును అసలు స్టార్టే చేయరు, లారీ మీదికి ఎక్కించుకుని పోతారు. హ్యాండిల్ లాక్ విరగ్గొట్టి, వైర్లు డైరెక్ట్ చేసి బైకు తీసుకుపోయేవాడికి కావాల్సింది నిమిషం కన్నా తక్కువ సమయం. ఆ నిమిషంలో మీ ఇంట్లోవాళ్లు లేచి, లైటు వేసి, తలుపు గొళ్లెం తీసేలోపు అతను జాతీయ రహదారి 65 ఎక్కేస్తాడు. జహీరాబాద్ దగ్గర ఆ రోడ్డు ఎక్కితే గంటలోపే కర్ణాటకలో ఉంటాడు.

సరే, దొంగ నిజంగానే హడలి పారిపోయాడనుకుందాం. ఎక్కడికి పోయాడు? ఎర్రలైటు మెరవని పక్క బండి దగ్గరికి. మీ బండి దక్కింది, పక్కింటివారిది పోయింది. ఊరి మొత్తంలో పోయిన బళ్ల సంఖ్య ఒక్కటి కూడా తగ్గలేదు. దీన్ని దొంగతనాన్ని అరికట్టడం అనరు, పొరుగువారి మీదికి తోయడం అంటారు.

ఇందుకు పూర్తిగా ఎదురుగా నడిచిన పద్ధతి ఒకటుంది. అమెరికాలో లోజాక్ అనే పరికరం వచ్చింది. బండిలో ఎక్కడో దాచి ఉంచే చిన్న రేడియో ప్రసారిణి అది. బయటికి ఏ గుర్తూ ఉండదు. బండి పోయిందని ఫిర్యాదు అందాక పోలీసులు ఆ సంకేతాన్ని పట్టుకుని వెళ్తారు. ఇయాన్ ఎయిర్స్, స్టీవెన్ లెవిట్ అనే ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు 1998లో ప్రచురించిన అధ్యయనంలో, లోజాక్ ఎక్కువైన నగరాల్లో అది పెట్టుకోని బళ్ల దొంగతనాలు కూడా తగ్గాయని చూపారు. ఏ బండిలో ఉందో తెలియకపోతే దొంగ అన్ని బళ్లకూ భయపడాలి. కనిపించని రక్షణ ఊరందరికీ మేలు చేసింది. కనిపించే, అరిచే రక్షణ మాత్రం దొంగకు ఏ బండి వదిలేసి ఏ బండి పట్టాలో దారి చూపుతుంది.

అయితే దొంగతనం ఎప్పుడూ తగ్గలేదా అంటే, తగ్గింది. బండి కదలకుండా చేసిన చోట తగ్గింది. 1960ల మొదట్లో పశ్చిమ జర్మనీ కొత్త కార్లతో పాటు పాత కార్లకూ స్టీరింగ్ లాక్ తప్పనిసరి చేస్తే కార్ల దొంగతనాలు బాగా పడిపోయాయి, మళ్లీ వెంటనే లేవలేదు. బ్రిటన్ 1971 నుంచి కొత్త కార్లకే ఆ నియమం పెట్టింది. అక్కడ దొంగలు పాత కార్ల మీదికి మళ్లారు. తర్వాత వచ్చింది ఇమ్మొబిలైజర్, మన మెకానిక్‌లు చిప్ తాళం అనేది. తాళంచెవి తలలో ఉన్న చిన్న చిప్ ఇంజిన్ కంప్యూటర్‌కు తన సంకేతం చెప్పాలి. సంకేతం కలవకపోతే తాళం తిరిగినా, వైర్లు డైరెక్ట్ చేసినా ఇంజిన్ అందుకోదు. ఐరోపా సమాఖ్య 1998 నుంచి కొత్త కార్లకు దీన్ని తప్పనిసరి చేసింది. నెదర్లాండ్స్‌లో 1995 నుంచి 2008 వరకు లెక్కలు చూసిన యాన్ వాన్ అవర్స్, బెన్ వోలార్డ్ దీనివల్ల కార్ల దొంగతనాల రేటు సగటున 40 శాతం తగ్గిందని తేల్చారు. ఇందులో చప్పుడన్న మాటే లేదు.

ఇంకా తాజా సాక్ష్యం కావాలంటే కియా, హ్యుందాయ్ కార్ల కథ చూడండి. అమెరికాలో ఆ కంపెనీలు అమ్మిన, తాళం తిప్పి నడిపే అనేక మోడళ్లలో ఇమ్మొబిలైజర్ లేదు. ఆ లోపాన్ని వాడుకునే వీడియోలు 2022లో పిల్లల చేతుల్లోకి పోగానే నగరం తర్వాత నగరంలో ఆ కార్లు గుంపులుగా పోయాయి. సరిహద్దు దాటితే కెనడా. అక్కడ 2007 సెప్టెంబరు నుంచి కొత్త కార్లకు ఇమ్మొబిలైజర్ తప్పనిసరి కాబట్టి అవే కంపెనీల కార్లు ఆ గండం దాటాయి. రెండు దేశాల దొంగల స్వభావంలో తేడా లేదు, కార్ల రూపంలో తేడా లేదు. ఉన్న తేడా ఒక్క చిప్.

అలారం పక్షంవారు ఇక్కడ ఒక మాట అంటారు: "మా బావమరిది కారు అలారం వల్లే దక్కింది." దక్కి ఉండవచ్చు, నేను కాదనను. కానీ దక్కిన బండి కథ చెప్పుకునేవారు పదిమంది ఉంటారు, అలారం ఉండగానే పోయిన బండి కథ ఎవరూ గొప్పగా చెప్పుకోరు. ఒకటి రెండు దక్కిన కథలతో కాక, వేల బళ్ల లెక్కతో చూడాలి. ఆ లెక్క పైన చెప్పాను. కంపెనీ నుంచే ఇమ్మొబిలైజర్‌తో కలిసి వచ్చే అలారం మీద నాకు పేచీ లేదు. అక్కడ బండిని ఆపేది చిప్, మోత దాని వెనక నడిచేది మాత్రమే. నా పోరు, మోత ఒక్కటే చాలునని అమ్మే సరుకుతోనే.

గుడ్డికన్నా మెల్ల మేలన్న మూడో మాట మిగిలింది. ఏమీ లేకపోవడం కన్నా ఏదో ఒకటి మేలంటే, ఆ ఏదో ఒకటి వల్ల నష్టం లేకపోవాలి. ఇక్కడ నష్టం ఉంది. గీకిన వైరు మీద చుట్టిన టేపు మన ఎండలకు ఏడాదిలో జిగురు వదిలేస్తుంది. అక్కడి నుంచి షార్ట్ సర్క్యూట్ భయం మొదలు. నాలుగు రోజులు కదలని బండిలో అలారం బ్యాటరీని తాగుతూనే ఉంటుంది. వైరింగ్ కోశారని తెలిస్తే ఆ భాగానికి కంపెనీ వారంటీ ఇవ్వనంటుంది. రాత్రి పది నుంచి ఆరు దాకా నివాస ప్రాంతాల్లో 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతాయి. వంద దాటే సైరన్ రాత్రి రెండు గంటలకు ఊరికే మోగితే ఆ నష్టం పక్కింటి పసిబిడ్డది, గుండె జబ్బు ఉన్న పెద్దాయనది, పొద్దున పరీక్ష ఉన్న పిల్లది.

ఫోన్‌తో నడిచే ఖరీదైన అలారాలు వీటికన్నా మేలనుకుంటున్నారా? 2019లో పెన్ టెస్ట్ పార్ట్‌నర్స్ అనే బ్రిటిష్ భద్రతా సంస్థ, వైపర్, పండోరా అనే రెండు పేరున్న కంపెనీల అలారాల్లో లోపం బయటపెట్టింది. యాప్ ఖాతాను ఎవరైనా చేజిక్కించుకుని, బండి ఎక్కడుందో చూసి, తలుపులు తెరిచే వీలుందని తేలింది. ముప్పై లక్షల వాహనాల దాకా ఆ ముప్పులో ఉన్నాయని అంచనా వేసింది. కంపెనీలు ఆ లోపాన్ని వెంటనే సరిచేశాయి. కానీ అలారం లేని బండికి ఆ ముప్పే లేదన్న సంగతి మరవకూడదు. కాపలాకని తెచ్చిన వస్తువే దొడ్డిదారి తెరిచింది.

వీటన్నిటినీ మించిన నష్టం మనసులో జరుగుతుంది. అలారం ఉందన్న ధీమాతో మనిషి మిగతావన్నీ వదిలేస్తాడు. బీమా సంగతే తీసుకోండి. 2018 సెప్టెంబరు 1 నుంచి అమ్మే కొత్త బైకులకు ఐదేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. కొనేటప్పుడు ఐదేళ్ల కాగితం చేతికొస్తుంది కాబట్టి ఐదేళ్లూ అన్నిటికీ బీమా ఉందనుకుంటారు. థర్డ్ పార్టీ బీమా మన బండి వల్ల ఎదుటివారికి జరిగిన నష్టానికే. దొంగతనానికి అందులో పైసా రాదు. దొంగతనానికి వర్తించే సొంత నష్టం బీమాను మొదటి ఏడాది తర్వాత చాలామంది కట్టరు. మూడో ఏడు బండి పోయాక కాగితం తీసి చూస్తే గుండె జారిపోతుంది. అలారం మీద పెట్టిన డబ్బు ఆ ప్రీమియం మీద పెట్టి ఉంటే బండి పోయినా బతుకు నిలబడేది.

బీమా ఉన్నవారికీ తెలియని సంగతులున్నాయి. క్లెయిముకు రెండు తాళంచెవులూ అడుగుతారు. ఒకటి ఎప్పుడో పోగొట్టుకుని ఊరుకుంటే ఇప్పుడు జవాబు చెప్పుకోవాలి. బండికే తాళం వదిలేసి పోతే నిర్లక్ష్యమని కాగితం వెనక్కి కొడతారు. బండి పోయిందని తెలిసిన వెంటనే పోలీసులకు చెప్పాలి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఏ ఊళ్లో జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు, ఫోన్ ద్వారానో ఆన్‌లైన్‌లోనో సమాచారం పంపి మూడు రోజుల్లో సంతకం చేయవచ్చు. జాతరకు వచ్చిన బీదర్ మనిషి ఝరాసంగంలో బండి పోగొట్టుకుంటే తన ఊళ్లోనే ఫిర్యాదు ఇవ్వవచ్చన్నమాట. "ముందు రెండు రోజులు మీరే వెతుక్కోండి" అని ఎవరైనా పంపించేస్తే ఆ మాటకు తల ఊపి రావద్దు. పంజాబ్‌లో పోయిన ఒక ట్రాక్టర్ కేసులో 2020 జనవరిలో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం స్పష్టంగా చెప్పింది: పోలీసులకు వెంటనే ఫిర్యాదు ఇచ్చి ఉంటే, బీమా కంపెనీకి ఆలస్యంగా చెప్పారన్న ఒక్క కారణంతో క్లెయిము తిరస్కరించడానికి వీల్లేదు. ట్రాక్టర్ ఉన్న ప్రతి రైతూ గుర్తుంచుకోవాల్సిన తీర్పు ఇది.

ఇప్పుడు అసలు మూలానికి వస్తాను. బండి దొంగ బండిని ఇంట్లో దాచుకోవడానికి ఎత్తుకుపోడు. కొనేవాడు ఉన్నాడు కాబట్టి ఎత్తుకుపోతాడు. ఎనభై వేల బైకు పదిహేను వేలకు వస్తోంది, కాగితాలు తర్వాత ఇస్తానన్నాడు, పొలానికి పోయిరావడానికే కదా కాగితాలెందుకు అని కొనే మనిషి మన ఊళ్లలో ఉన్నాడు. ఆయన్ను ఎవరూ దొంగ అనరు, అదృష్టవంతుడంటారు. అవతల ఎవరో కూలీ మనిషి కంతులు కట్టుకుంటున్న బండి అది. దొంగ సొత్తని తెలిసి గానీ, తెలుసుకోగల కారణం ఉండి గానీ కొనడం భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరం. మూడేళ్ల దాకా జైలు. మూడు రాష్ట్రాల బళ్లు కలిసే మన ప్రాంతంలో పక్క రాష్ట్రం నంబరు ఉన్న బండి ఎవరికీ అనుమానం కలిగించదు. దొంగకు ఇంతకన్నా మంచి అంగడి ఎక్కడ దొరుకుతుంది? ఊళ్లో వంద సైరన్లు బిగించిన దానికన్నా, కాగితం లేని బండి కొననని పదిమంది గట్టిగా నిలబడితే దొంగకు ఎక్కువ నష్టం.

కాబట్టి అలారానికి పెట్టే రెండు మూడు వేలు ఇలా పెట్టండి. బైకుకు డిస్కు లాక్, లేదా చక్రంలోంచి వేసి స్తంభానికి కట్టే బరువైన గొలుసు, మంచి తాళం. కారుకు గేరు లాక్ లేదా స్టీరింగ్ లాక్. వీటిని కోయలేరని కాదు, కోయడానికి సమయం పడుతుంది, పనిముట్టు కావాలి, చేయి కదలాలి. ట్రాక్టర్‌కు బ్యాటరీ కటాఫ్ స్విచ్ దాచిపెట్టండి, రాత్రిపూట ట్రాలీని విడిగా వదలకండి. జీపీఎస్ పెట్టుకుంటే మంచిదే, కానీ దాని గురించి నలుగురికీ చెప్పకండి. అది పనిచేసేది దాగి ఉన్నప్పుడే, మీరు వెంటనే ఫిర్యాదు ఇచ్చినప్పుడే. హై సెక్యూరిటీ నంబరు ప్లేటును పాత బండికీ వేయించండి; 2019 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన కొత్త బళ్లకు అది కంపెనీ నుంచే వస్తోంది. హోలోగ్రామ్, లేజర్ నంబరు, ఒకసారి బిగిస్తే విరిగితే తప్ప ఊడని లాక్ ఉన్న ఆ ప్లేటు నంబరు మార్చి అమ్మేవాడికి పెద్ద అడ్డం. సెకండ్ హ్యాండ్ బండి కొనేముందు ఇంజిన్, ఛాసిస్ నంబర్లు కాగితంతో కలిపి చూడండి. దొంగ బండ్ల జాబితాలో ఉందో లేదో చూసే సౌకర్యం పోలీసుల డిజిటల్ పోర్టల్‌లో ఉంది.

వ్యక్తులు చేయగలిగింది ఇంతే. మిగతాది చేయాల్సినవారు వేరే ఉన్నారు. చిప్ తాళం కార్లతో ఆగిపోకూడదు. పోయే బళ్లలో ఎక్కువ భాగం బైకులైనప్పుడు, తక్కువ ధర బైకులకు, ట్రాక్టర్లకు ఇమ్మొబిలైజర్ తప్పనిసరి చేయకపోవడం పేదవాడి బండిని దొంగకు వదిలేయడమే. ట్రాక్టర్లు తయారయ్యే జహీరాబాద్ నుంచే ఈ డిమాండ్ లేవాలి. ఏ బండి తాళం ఆ బండికే పట్టాలన్నది విలాసం కాదు. వందమందికి పైగా గుమిగూడే చోట్ల సీసీ కెమెరాలు పెట్టి ముప్పై రోజుల దృశ్యాలు భద్రపరచాలని 2013 నాటి పబ్లిక్ సేఫ్టీ చట్టం చెబుతోంది. జాతర పార్కింగ్‌కు కూడా ఆ చట్టం స్ఫూర్తితోనే వెలుతురు, కెమెరా, లోపలికీ బయటికీ ఒకే దారి, బండి తీసుకునేటప్పుడు చూపించే టోకెన్ ఉండాలి. టోకెన్ లేనిదే బండి బయటికి వదలని ఒక్క మనిషి వెయ్యి సైరన్లకు సమానం, ఎందుకంటే అతను అడుగుతాడు. సైరన్ అడగదు.

బండి కదలకుండా చేయాలి. కదిలినా అమ్ముడుపోకుండా చేయాలి. అమ్ముడుపోయినా దొరికేలా చేయాలి. ఎప్పటికీ దొరకకపోతే నష్టం పూడేలా చేయాలి. ఈ నాలుగు పనుల్లో ఒక్కటీ చేయని వస్తువును కాపలా పేరుతో అమ్ముతున్నారు, మనం కొంటున్నాం. ఇకమీదట ఎవరైనా అలారం పెట్టించావా అని అడిగితే, తాళం వేశానని, బీమా కట్టానని, కాగితం లేని బండి కొననని చెబుదాం. అడిగినవారిని కూడా ఆ మూడూ చేశారా అని అడుగుదాం.